పిల్లల ఆహారములో కూరలు, పండ్లు: పంచాయతీ సభ్యులు చేయదగిన పని

గ్రామ పంచాయతీ యనగానే వీధి దీపములు, మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు, ఇంటి పన్ను మనకు ముందుగా స్ఫురించును. గ్రామములోని పసిపిల్లల కంచములో ఏమి యున్నదను ప్రశ్న పంచాయతీ సమావేశములో అరుదుగా వినబడును. అది తల్లులు చూచుకొనవలసిన విషయమని తలచి మనము ఊరకుందుము. కాని రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణ పంచాయతీలకు అప్పగింపదగినవిగా 29 అంశములను పేర్కొన్నది. వ్యవసాయము, సామాజిక వనములు, సంతలు, స్త్రీ శిశు అభివృద్ధి ఈ నాలుగును వానిలో చేరియున్నవి. పిల్లలకు కూర, పండు అందుట ఈ నాలుగింటితోను ముడివడిన విషయము.

ఇది ఎంత అవసరమో ఒక్క లెక్క వలన తెలియును. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆరు నెలలు మొదలుకొని ఐదేండ్లలోపు పిల్లలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది, తెలంగాణలో నూటికి 70 మంది. అనగా, పది మంది పసివారిలో ఆరేడుగురికి రక్తము చాలదన్నమాట. అట్టి పిల్లవాడు త్వరగా అలసిపోవును; బడిలో చెప్పినది మనసున నిలుపుకొనలేడు. రక్తహీనతకు నులిపురుగులు మొదలగు ఇతర కారణములును కలవు. అయినను ఆహారలోపము వానిలో ముఖ్యమైనది.

ఏ విటమిను కొరవడిన పిల్లలకు కలుగు రేచీకటిని మన పెద్దలు బాగుగా ఎరుగుదురు. అది ముదిరినచో కంటిపాప చెడి, పోయిన చూపు తిరిగి రాదు. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయమున గొప్ప కృషి చేసినది. ఆ కృషి ఫలితముగా పిల్లలకు ఆరు నెలలకొకసారి ఏ విటమిను మోతాదు ఇచ్చు కార్యక్రమము 1970లో ఆరంభమైనది. ఆ మందును తప్పక వేయింపవలెను. కాని ఆరు నెలల మందు రోజువారీ భోజనమునకు బదులు కాజాలదు. ఆకుకూర, బొప్పాయి, మామిడి కంచములోనికి వచ్చిననే రక్షణ నిలుచును.

ఎంత తినిన చాలును?

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సూచన ననుసరించి, కూరలు పండ్లు కలిపి దినమునకు రెండు మొదలు ఐదేండ్ల వయసు పిల్లలకు కనీసము 250 గ్రాములు, ఆరు మొదలు తొమ్మిదేండ్ల వారికి 350 గ్రాములు, పదేండ్లు దాటినవారికి 400 గ్రాములు కావలెను. బంగాళాదుంప, కర్రపెండలము వంటి పిండి దుంపలు ఈ లెక్కలో చేరవు.

ఏడేండ్ల బాలికకు 350 గ్రాములు ఎట్లు సమకూరునో చూతము. బడి భోజనములో 50 గ్రాముల కూరగాయలు, ఒక జామకాయ గాని అరటిపండు గాని 100 గ్రాములు, రాత్రి పప్పులో 75 గ్రాముల ఆకుకూర, బీరకాయయో వంకాయయో మరియొక కూర 100 గ్రాములు, ఒక దోసకాయ ముక్క 25 గ్రాములు. ఇందులో పట్టణమునుండి తేవలసినది ఏదియు లేదు.

డబ్బెక్కడిదను ప్రశ్న

గ్రామములలో ఈ మాట ఎత్తినప్పుడెల్ల మాకు వచ్చు మొదటి జవాబు, "కొని పెట్టుటకు డబ్బెక్కడిదండీ?" అనునది. ఈ ప్రశ్న న్యాయమైనది. కూలికి పోయిన తల్లి పొద్దు గుంకినపిమ్మట ఇల్లు చేరును. అప్పటివరకు ఆకలికి ఆగలేని పిల్లవాని చేతిలో పది రూపాయలు పెట్టుటకన్న ఆమెకు వేరు దారి తోచదు. ఆ పది రూపాయలు ఉప్పు, నూనె నిండిన వేపుడు పొట్లమునకు పోవును. ఇద్దరు పిల్లలున్న ఇంట దినమునకు రెండు పొట్లముల చొప్పున నెలకు 600 రూపాయలు. బీద ఇంటినుండి ఇంత సొమ్ము పోవుచున్నను పిల్లల ఒంటికి పట్టునది స్వల్పము. ఆ సొమ్ములో సగము అరటిపండ్లకు, సంతలోని ఆకుకూరలకు మరలించినచో ఇంటి ఖర్చు పెరుగకయే పిల్లల కంచము మారును.

పండు అనగానే ఆపిల్ పండు తలపునకు వచ్చుట మరియొక చిక్కు. పిల్లవానికి జబ్బు చేసిన, తండ్రి అప్పు చేసియైనను దానిని తెచ్చును. కాని సి విటమినులో ఆపిల్ మన దొడ్డిలోని జామకాయకు సాటిరాదు. జామలో అది అనేక రెట్లు అధికము. ఉసిరికాయ సంగతియు అంతే. సంక్రాంతి నాటికి రేగుపండ్లు, వేసవిలో మామిడి, తొలకరి వానలకు నేరేడు, దసరా దీపావళి దినములలో సీతాఫలము, కార్తికమున ఉసిరి, ఏడాది పొడవున అరటి, బొప్పాయి. ఆయా ఋతువులో ఊరిలో విరివిగా దొరకు పండే చౌకయైన పండు, మేలైన పండు.

ఆకుకూరలకైనచో కొన్నింటికి పైకమే అక్కరలేదు. మునగాకు, చింతచిగురు, పొన్నగంటికూర, గంగవాయిలికూర అడిగినవారికి దొరకును. జహీరాబాదు పరిసరములలో చేలలో విత్తకయే మొలచు ఆకుకూరలను స్త్రీలు గుర్తించి ఏరి తెచ్చి వండుట నేటికిని కలదు. పురుగుమందు చల్లిన చేలలో మాత్రము ఏరరాదు. ఆషాఢమున మునగాకు తినవలెనను ఆచారము మన పెద్దలు పెట్టినదే. దానిని ఒక్క మాసమునకే పరిమితము చేయనేల?

ఒక సెంటు పెరడు

ఇంటి వెనుక ఒక సెంటు, అనగా సుమారు 40 చదరపు మీటర్ల చోటు ఉన్నచో తోటకూర, పాలకూర, మెంతికూర, గోంగూరలకు నాలుగు చిన్న మడులు కట్టవచ్చును. అన్నిటిని ఒకేసారి విత్తక పది పదిహేను దినముల తేడాతో విత్తిన, కూర తెగిపోక వచ్చుచుండును. తోటకూర విత్తిన 25, 30 దినములలో కోతకు వచ్చును. దడిమీదికి బీర, సొర, చిక్కుడు పాదులు పాకించవలెను. ఒక మూల మునగ కొమ్మ పాతి, రెండు బొప్పాయి మొక్కలు నాటిన చాలును. స్నానపు నీరు పోవుచోట అరటి పిలక పెట్టవచ్చును. ఆకుకూరల మడులకు మాత్రము మురుగు నీరు పెట్టరాదు.

వండుటలోను కొంత మెలకువ కావలెను. ఆకును కోయకమునుపే కడుగవలెను. కొద్ది నీటిలో మూతపెట్టి ఉడికించి, ఆ నీటిని పారబోయరాదు. కొద్దిగా నూనె వేసిన ఏ విటమిను ఒంటికి బాగుగా పట్టును. ఆకులోని ఇనుము సులభముగా పట్టదు. పప్పులో నిమ్మరసము పిండినను, అన్నముతోపాటు జామ, ఉసిరి వంటివి తినినను అది ఎక్కువగా పట్టును. భోజనము కాగానే పిల్లలకు తేనీరు ఇచ్చు అలవాటు మానవలెను.

పిల్లలు తినకున్నచో

క్రొత్త కూరను పిల్లవాడు మొదటిసారి ఉమ్మివేయుట సహజము. అంతమాత్రమున అది వానికి గిట్టదని విడువరాదు. బలవంతము చేయక, పది పర్యాయములైనను కొంచెము కొంచెముగా పెట్టుచుండిన క్రమముగా అలవాటగును. తండ్రి కూరను ప్రక్కకు నెట్టి పచ్చడితో లేచిపోవుచుండగా కొడుకు కూర తినడు. పెద్దలు తినినదే పిన్నలు తిందురు. విత్తనము చల్లుట, కాయ కోయుట పిల్లలకు అప్పగించిన, తాము పెంచినదానిని వారు ఇష్టముతో తిందురు. వడ్డించునప్పుడు ఆడపిల్లకు, మగపిల్లవానికి సమముగా వడ్డింపవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

పంచాయతీ చేయదగినవి

మొదటిది, బడి భోజనమును గమనించుట. నిబంధనల ప్రకారము ప్రాథమిక పాఠశాలలో బాలునికొకరికి 50 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతులలో 75 గ్రాములు కూరగాయలు ఉండవలెను. ప్రాథమిక పాఠశాలలో 60 మంది భోజనము చేసిన దినమున కూరగాయలు 3 కిలోలు కావలెను. సభ్యులు నెలకొకసారియైనను వంట సమయమున పోయి తూకము చూడవలెను. వంట చేయు స్త్రీలను దోషులుగా నిలుపుటకు గాక, వారికి కొరత ఎక్కడ వచ్చుచున్నదో తెలిసికొని తీర్చుటకు పోవలెను.

రెండవది, పంచాయతీ చెట్లు. చాల గ్రామములలో పంచాయతీకి చెందిన చింత, మామిడి చెట్ల ఫలసాయమును వేలము వేయుదురు. రెండు చెట్లను వేలమునుండి మినహాయించి, వాని ఫలము అంగన్‌వాడీకి, బడికి చెందునట్లు తీర్మానింపవచ్చును. ఇకమీద నాటు మొక్కలలో జామ, ఉసిరి, నేరేడు, మునగలకు ముందుచోటు ఇయ్యవలెను.

మూడవది, బడి తోట. వానకాలమున నాటిన తోట వేసవి సెలవులలో ఎండిపోవుట తరచుగా జరుగునదే. సెలవులలో నీరు పోయు బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయింపవలెను.

నాలుగవది, సంత. పెరటి కూరలను తట్టలో పెట్టుకొని వచ్చు స్త్రీలకు నీడయు, కూర్చుండుటకు శుభ్రమైన చోటును కల్పించి, వారివద్ద ఆశీలు వసూలు చేయకున్నచో కూరలు ఊరిలోనే చౌకగా దొరకును.

ఐదవది, పెరడు లేని ఇండ్లు. మడులు కట్టుకొమ్మను సలహా సెంటు భూమి లేనివారికి ఎగతాళిగా వినబడును. అట్టి కుటుంబముల పట్టిక వ్రాసి, నీటి వసతిగల ఉమ్మడి స్థలములో వారికి మడులు కేటాయించుట పంచాయతీకి తగిన పని. ఎక్కువ కొరత ఉన్నది ఆ ఇండ్లలోనే గనుక పని అక్కడినుండియే ఆరంభము కావలెను.

ఈ ఐదింటిలో పెద్ద నిధులు కోరునది ఒక్కటియు లేదు. రాబోవు సమావేశమున అంగన్‌వాడీ కార్యకర్తను, బడి ప్రధానోపాధ్యాయుని పిలిచి, మన ఊరి పిల్లలు నిన్న ఏ కూర తినిరి, ఏ పండు తినిరి అని అడుగవలెనని సభ్యులకు మా మనవి. వారి సమాధానమును పుస్తకమున వ్రాసికొని, ఆరు మాసముల పిమ్మట అదే ప్రశ్నను మరల అడిగినచో, పంచాయతీ చేసిన పని ఎంతవరకు ఫలించినదో సభ్యులకే తెలియును.