పెరటి గోడకు దించే సరుకు కొట్టు

కోత ముగిసిన వారం పది దినాలలోనే ధాన్యం కల్లంలో అమ్ముడుపోవడానికి అప్పుల ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. బస్తాలు పెట్టుకొనే చోటు లేకపోవడం కూడా అంతే బలమైన కారణం. మబ్బు పట్టిన సాయంత్రం, బరకాలు చాలని రైతు వద్ద బేరగాడు చెప్పినదే ధర. రెండు మూడెకరాల రైతు ఇందుకోసం గోదాము కట్టనవసరం లేదు. ఇంటి వెనుక గోడ ఒకటి ఎలాగూ ఉన్నది కనుక మిగిలిన మూడు వైపులు మాత్రమే కట్టుకొని, ఒకే వాలుగా కప్పు దించుకుంటే చాలు. అయితే చూడడానికి సులువుగా కనిపించే పని కావడం వల్లనే దీనిని పాడుచేసుకొనేవారు ఎక్కువ.

ముందుగా కొలతలు నిర్ణయించుకోవాలి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల కొట్టులో గోడల వెంట నడిచే దారి వదిలిన తరువాత, 75 కిలోల బస్తాలు వరుసకు 15 వంతున ఆరు వరుసలు పేర్చవచ్చు. అంటే 90 బస్తాలు. ఎకరాకు 30 బస్తాలు పండే మాగాణిలో ఇది మూడెకరాల పంట. ఇంతకు మించి పెద్దది కట్టి, సగం ఖాళీగా ఉంచి, కిస్తీలు మాత్రం పూర్తిగా చెల్లించడంలో అర్థం లేదు.

కప్పు వాలు అయిదడుగులకు ఒక అడుగుకు తగ్గరాదు. గోడ వద్ద 9 అడుగులు, ముందు చూరు వద్ద 7 అడుగుల ఎత్తు ఉంచితే ఈ వాలు సరిపోతుంది. 12 అడుగుల జింకు రేకు ఒక్కటే గోడ నుంచి చూరు దాటి అడుగున్నర వరకు వస్తుంది. నడుమ అతుకు ఉండదు. రెండు పొట్టి రేకులను ఒకదానిపై ఒకటి వేసి ఆదా చేశామనుకొనేవారు ఆ అతుకు వద్దనే నీరు కారడం చూస్తారు. ఇరుప్రక్కల రేకుకు రేకు ఒకటిన్నర అల మేరకు కప్పుకోవాలి. మరమేకులు అల శిఖరంపైనే, రబ్బరు వాషరుతో దిగాలి. అలల నడుమ పల్లంలో రంధ్రం చేస్తే నీరు పారే దారిలోనే చిల్లి పెట్టినట్లవుతుంది. సిమెంటు ఆస్బెస్టాసు రేకులు కొందరు చవక అని తెస్తారు. వాటిని కోసినపుడు, తొలిచినపుడు లేచే పొడి ఊపిరితిత్తులకు హానికరం. ధాన్యం ఉంచే చోట వాటి జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక అసలు సమస్య పాత గోడ, కొత్త కప్పు కలిసే చోట ఉన్నది. రేకు అంచును గోడకు తాకించి, సందులో సిమెంటు మెత్తి ఊరుకొనే మేస్త్రీలు చాలామంది. రేకు ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకొంటుంది, గోడ కదలదు. కనుక ఆ సిమెంటు మొదటి వేసవిలోనే బీటలు వారుతుంది. వానకాలంలో ఆ బీట నుంచి గోడ వెంట దిగే నీరు పైకి కనిపించదు; గోడకు ఆనించిన అడుగు వరుస బస్తాలు రంగు మారి, ముక్క వాసన కొట్టిన తరువాత గాని తెలియదు. దీనికి మార్గం ఒక్కటే. రేకులకు కొంచెం పైన గోడలో అంగుళం, అంగుళంన్నర లోతున అడ్డంగా గాడి కొట్టించి, వంచిన జింకు పట్టీ పై అంచును ఆ గాడిలో దూర్చి సిమెంటుతో బిగించాలి. పట్టీ క్రింది అంచు రేకులపై ఆరంగుళాలు పరచుకోవాలి, కాని రేకులకు అంటుకొని ఉండరాదు. అపుడు రేకు కదిలినా పట్టీ చెదరదు. మీ ఇంటి చూరు 9 అడుగులకంటె తక్కువ ఎత్తులో ఉంటే కొట్టు కప్పును ఆ చూరు క్రిందికి దూర్చవలసి వస్తుంది. అపుడు ఇంటి కప్పు నీరు కూడా కొట్టుపైనే పడుతుంది గనుక కొట్టు చూరుకు పెద్ద తొట్టి గొట్టం తప్పదు. ఆ నీరు పొరుగువారి స్థలంలో పడకుండా చూసుకోండి. చూరునీటి తగవులు పంచాయితీలో తేలక న్యాయస్థానానికి ఎక్కినవీ ఉన్నాయి. కట్టడానికి ముందే పంచాయతీ కార్యదర్శిని కలిసి అనుమతి విషయం తేల్చుకొనడం మేలు.

మట్టిగోడ అయితే దానిపై దూలం మోపరాదు. గోడను ఆనుకొని వేరుగా స్తంభాలు నిలిపి, బరువంతా వాటిపైనే దించాలి.

కోస్తా జిల్లాలవారు గాలి సంగతి మరువరాదు. 1996 నవంబరులో కోనసీమ, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు విశాఖ ప్రాంతం చూసిన నష్టం ఇంకా జ్ఞాపకం ఉన్నదే. ఒంటివాలు కప్పుకు ముందువైపు తెరచి ఉంటే, లోనికి దూరిన గాలికి బయటకు పోయే దారి లేక రేకులను క్రింది నుంచి ఎత్తివేస్తుంది. కనుక ముందు గోడ, తలుపు తప్పనిసరి. స్తంభాలు రెండున్నర అడుగుల లోతున కాంక్రీటులో నిలపాలి. చూరు వెంట రేకుల మీదుగా ఇనుప పట్టీ వేసి అడ్డదూలానికి బిగించాలి.

నేల బయటి మట్టానికి రెండడుగుల ఎత్తున ఉండాలి. గచ్చు క్రింద మందపాటి పాలిథీన్ పట్టా పరిస్తే నేల చెమ్మ పైకి రాదు. బస్తాల క్రింద చెక్కబల్లలు, గోడకు బస్తాకు మధ్య అడుగున్నర ఖాళీ తప్పనిసరి. తలుపు అడుగు అంచుకు రేకు తొడిగి, గాలి కన్నాలకు తీగ వల కట్టాలి. ఎలుకకు అరంగుళం సందు చాలు. ఇవన్నీ చేసినా ధాన్యంలో తేమ 14 శాతం మించితే కొట్టు ఏమీ చేయలేదు. పురుగుమందులను, ఎరువులను ఈ గదిలో పెట్టరాదు.

ఇక ఋణం మాట. 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో వ్యవసాయ ఆస్తుల మరమ్మతు, నిర్వహణ కొరకు పంట పరిమితిపై 20 శాతం కలిపారు. అది పాత కొట్టు బాగు చేసుకొనడానికి. కొత్తది కట్టడానికి అడగవలసినది కాలపరిమితి ఋణం.

అడిగే ముందు ఒక లెక్క వేసుకోండి. ఉదాహరణకు 90 బస్తాలు మూడు నెలలు ఆపితే బస్తాకు 100 రూపాయలు పెరిగిందనుకొందాం: 9,000 రూపాయలు. ఆరుదలలో రెండు బస్తాల మేర తరుగు పోతుంది. కొట్టు ఋణంపై వడ్డీ పోతుంది. చాలామంది మరచేది మరొకటి ఉన్నది. 2025-26లో పంట ఋణానికి 7 శాతం వడ్డీ అయితే గడువులోగా చెల్లించినవారికి 3 శాతం రాయితీ. లక్ష రూపాయల ఋణంపై ఏడాదికి 3,000. ధర కోసం ఆగి గడువు దాటించిన రైతు ఆ రాయితీ పోగొట్టుకొంటాడు. అందువల్ల పంట ఋణం తీరడానికి ఎన్ని బస్తాలు అమ్మాలో అన్ని ముందే అమ్మి, మిగిలినవే కొట్టులో పెట్టండి. మద్దతు ధర కొనుగోలు కేంద్రం ఎప్పుడు మూసివేస్తారో కూడా తెలుసుకోవాలి. ఆ తరువాత మిగిలేది బయటి బజారే.

పెరటి సరుకుపై రసీదు ఋణం రాదు. అది గిడ్డంగిలో ఉంచి రసీదు పొందిన సరుకుకే వర్తిస్తుంది. సరుకు ఎక్కువగా ఉన్నవారు ఆ దారి చూడవచ్చు. బ్యాంకుకు వచ్చేటపుడు పట్టాదారు పుస్తకంతో పాటు మేస్త్రీ చేత రేకులు, స్తంభాలు, జింకు పట్టీ విడివిడిగా వ్రాయించిన అంచనా తీసుకురండి. 22 అడుగుల కప్పుకు రేకులు పది పదకొండుకు మించి వ్రాసి ఉంటే కారణం అడగండి. జింకు పట్టీ అసలు వ్రాయలేదంటే మరొక మేస్త్రీని పిలవండి.