మార్చిలో షూటింగ్... సెప్టెంబర్‌లో రిలీజ్!

మ్యూనిక్ నగరంలో ఏటా జరిగే 'అక్టోబర్‌ఫెస్ట్' పేరు మీరు వినే ఉంటారు. 1872లో ఆ పండగ పందిళ్ళలోకి హీరోలా దిగింది తేనెరంగు 'మెర్ట్సెన్' బీరు!

మెర్ట్సెన్ అంటే మార్చి బీరు. 1553 నాటి బవేరియా చట్టం ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాచనిచ్చేది కాదు. ఎండలకి పాడయ్యేది మరి! అందుకే మార్చిలో కాచి, చల్లని నేలమాళిగల్లో దాచేవారు.

గుక్క పుచ్చుకుంటే ముందు దోరగా కాల్చిన రొట్టె వాసన, ఆపైన మొలకెత్తించిన బార్లీ తీపి, చివర్న సన్నని చేదు. తియ్యగా ఉంది కదా అని మోసపోయేరు! ఆల్కహాల్ 6 శాతం దాకా ఉంటుంది. మగ్గేమో లీటరు!

విచిత్రమేమిటంటే, ఇప్పుడా పందిళ్ళలో ఎక్కువగా పోసేది లేత బంగారు రంగు బీరే. ఒకనాడు పండగని ఏలిన పాత హీరోకి ఇప్పుడు మిగిలింది చిన్న వేషమే!