మీకు తెలుసా? ఆటలో విప్పిన చిక్కుముడి!

కోతులకు ఎయిడ్స్‌లాంటి జబ్బు తెచ్చే మేసన్-ఫైజర్ వైరస్‌లో ఒక ఎంజైమ్ ఉంది. దాని ఆకారం తెలుసుకోవాలని శాస్త్రవేత్తలు పదేళ్లకు పైగా తలలు పట్టుకున్నారు. కంప్యూటర్లూ చేతులెత్తేశాయి. చివరికి దాన్ని విప్పింది కంప్యూటర్ గేమ్ ఆడేవాళ్లు, అదీ మూడు వారాల్లోనే!

ఆ ఆట పేరు ఫోల్డిట్. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్ బృందం కంప్యూటర్ నిపుణులతో కలిసి 2008లో తెచ్చింది. తెర మీద రంగురంగుల ప్రోటీన్ గొలుసు చుట్టలు చుట్టుకుని కనిపిస్తుంది. మౌస్‌తో ఒకచోట లాగాలి, మరోచోట మడవాలి. పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొడితే స్కోరు పడిపోతుంది, చక్కగా ఒదిగితే పెరుగుతుంది. ఆడేవాళ్లలో చాలామందికి జీవరసాయన శాస్త్రంతో పరిచయమే లేదు. అయినా ఏ మడత ఎక్కడ ఇముడుతుందో మనిషి కన్ను ఇట్టే పసిగట్టింది!

ఆ కోతుల వైరస్‌లో ఉన్నలాంటి ఎంజైమ్ హెచ్‌ఐవీలోనూ ఉంది. దాన్ని అడ్డుకునే మందులే ఎందరినో బతికిస్తున్నాయి. అందుకే ఆ ఆకారానికి అంత విలువ. 2011లో వెలువడిన పరిశోధన పత్రంలో ఆటగాళ్ల జట్లనూ రచయితలుగా చేర్చారు. అది వాళ్లకు దక్కాల్సిన గౌరవమే. ఫోల్డిట్ ఉచితం. మీ పిల్లలతో ఒకసారి ఆడించి చూడండి.