ఆడపడుచుల సంతకము

తండ్రి గతించి సంవత్సరీకము జరిగిపోయినది. తల్లి పెద్దకొడుకు వద్ద కొన్నాళ్లు, చిన్నకొడుకు వద్ద కొన్నాళ్లు కాలము గడుపుచున్నది. కోనసీమలోని మండువా లోగిలికి తాళము పడినది మొదలు, వానకు పెంకులు జారి, వాసములకు చెదపట్టి, ఏటేట మరమ్మతుల ఖర్చు పెరుగుచుండగా, ఇక అమ్మివేయుటయే మేలని అన్నదమ్ములు తలపోయుదురు. బేరము కుదురును, బయానా కూడ చేతికి వచ్చును. అప్పుడు దస్తావేజు లేఖరి చెప్పగా, "ఆడపిల్లలు కూడా వచ్చి సంతకం పెట్టాలట" అను మాట ఆ యింట మొదటిసారిగా వినబడును. మొదట అడుగవలసిన ప్రశ్న ఇట్లు చివరకు మిగిలిపోవుటయే పిమ్మట వచ్చు వ్యాజ్యములకు, అంతకు మించి తోబుట్టువుల నడుమ రాకపోకలు నిలిచిపోవుటకు, కారణమని నా దృఢవిశ్వాసము.

హిందూ వారసత్వ చట్టము 1956 జూన్ 17న అమలులోనికి వచ్చినది. వీలునామా వ్రాయకుండ మరణించిన వాని స్వార్జితమైన యిల్లు భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, అతని తల్లి జీవించియున్నచో ఆమెకును సమభాగములుగా సంక్రమించును. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నచో అయిదు సమాన భాగములు. పెండ్లినాడు కట్నమిచ్చితిమనియో, పసుపుకుంకుమల క్రింద పొలము వ్రాసితిమనియో చెప్పినంతమాత్రమున ఈ లెక్క మారదు. అయితే ఆ చట్టములోనే 23వ సెక్షను ఒకటి యుండెడిది. కుటుంబము కాపురమున్న యింటిని మగ వారసులు పంచుకొనదలచు వరకు ఆడ వారసులు పంపకము కోరరాదని దాని శాసనము. వాటా ఇచ్చిన చేతితోనే వాకిలి మూసిన ఆ నిబంధన 2005 సెప్టెంబరు 9 వరకు చెల్లినది. మన యిండ్లలోని అలవాటు మాత్రము నేటికిని దాని నీడను వదలలేదు.

పిత్రార్జితమైన యింటి సంగతి వేరు. ఎన్.టి. రామారావు ప్రభుత్వము చేసిన సవరణ వలన 1985 సెప్టెంబరు 5 నుండి, నాటికి వివాహము కాని కూతుళ్లకు కొడుకులతో సమానమైన హక్కు కలిగెను. 2005 నాటి కేంద్ర సవరణ వివాహితలకును దానిని విస్తరింపజేసినది. ఆ హక్కు జన్మతః వచ్చునదే గాన తండ్రి 2005 నాటికి జీవించియుండ నక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చిచెప్పినది. 2004 డిసెంబరు 20కి పూర్వమే రిజిష్టరైన పంపకములను మాత్రము ఇది కదల్పదు.

ఇక కాగితములు. భోషాణము అడుగున, పాతపంచె ముక్కలో చుట్టి దాచిన మూల దస్తావేజు దొరకినచో అదృష్టమే. గ్రామకంఠములోని యిండ్లకు పెక్కింటికి దస్తావేజే యుండదు. తరతరముల ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, స్వాధీనము, ఇవియే ఆధారములు. కనుక దారము గ్రుచ్చిన ఆ రసీదుల కట్టను చిత్తుకాగితములతో పారవేయరాదు. మరణ ధ్రువపత్రము, తహసీలుదారు ఇచ్చు కుటుంబసభ్యుల ధ్రువపత్రము, తాకట్లు లేవని చూపు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) సమకూర్చుకొనవలెను. ఇల్లు చూడ వచ్చువారికంటె ముందుగ చెక్కుడుపని తలుపుల కొరకు, టేకు స్తంభముల కొరకు కలప వ్యాపారులు వత్తురు. అవియు అందరి సొత్తే.

తరువాత మార్గములు రెండు. వారసులందరును కలిసి విక్రయ దస్తావేజుపై సంతకము చేయుట ఒకటి. హక్కు విడుదల దస్తావేజు ద్వారా ఒకరికి వదలివేయుట రెండవది. ఈ రెండవదానియందే నాకు బాధ. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయపు వరండాలో, పుట్టింటివారు పెట్టిన కొత్తచీర కట్టుకొని, వ్రాసినదేమో చదువకుండనే వ్రేలిముద్ర వేయు చెల్లెలిని ఎవరు చూడలేదు? కాదన్నచో పండుగకు పిలుపు రాదేమో, కష్టమునాడు ఆ గడప త్రొక్కుటకు మొగము చెల్లదేమో యను భయమే ఆమె చేయిని నడపుచున్నది. వదలుకొనుట ఆమె యిష్టము. కాని యింటి ధర యెంత, తన వంతు యెంత, అను అంకె ముందుగ ఆమె చెవిని పడవలెను. తెలిసి యిచ్చినదే దానము.

విదేశములలోని సంతానము అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరింపజేసిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చును. అది ఇక్కడికి చేరిన మూడు నెలలలో స్టాంపు వేయించవలెను. ఇక పన్ను కొరకు అమ్మకపు లాభమును లెక్కించునపుడు తండ్రి కొన్న ధరనే ప్రాతిపదికగ గైకొందురు. 2001 ఏప్రిల్ 1కి ముందటి యిల్లయినచో ఆనాటి విలువను తీసికొనవచ్చును. పన్ను ఎవరి వాటాపై వారిదే. కావున ఎవరి వంతు ఎంత, ఏ చెక్కు ద్వారా ముట్టినది, అను వివరము పేరుపేరున దస్తావేజులో వ్రాయించి, సొమ్ము పెద్దకొడుకు ఖాతాలోనికి గాక తల్లికి, అక్కకు, చెల్లెలికి వారివారి ఖాతాలకే నేరుగ చేరునట్లు కొనువానితో బయానా నాడే ఒప్పందము చేసికొనవలెను.