బిందెమీది పేరు

వేసవి వచ్చినదనిన గృహిణులకు తీరిక చిక్కునని పురుషులు తలంతురు. ఆవకాయలు, వడియములు, అప్పడములు, సెలవులకు వచ్చిన పిల్లలు, చుట్టములు—వీనినడుమ తీరిక యెక్కడిది? అయినను ఆదివారమునాడు ఎండ ముదురకమున్ను రెండుగంటల కాలము మనదిగా చేసికొనుట అసాధ్యము కాదు. గడచిన వేసవిలో మేము మా వదినగారితో గూడ ఆరు ఆదివారములు అట్టి కాలమును సంపాదించుకొని, హైదరాబాదు నగరమందలి ఎర్రగడ్డ సంతకు పోయి వచ్చితిమి. అచ్చట మేము చూచినవి, నేర్చినవి, కొన్నవి, కొనక విడిచినవి సోదరీమణులకు విన్నవింప దలంచితిమి.

మెట్రోరైలు దిగి నాలుగడుగులు వేయగనే సంత ఎదురగును. నేలపై గోనెపట్టాలు, వానిపై లోకములోని సమస్తవస్తువులు. త్రుప్పుపట్టిన రెంచీలు, జతతప్పిన చెప్పులు, పలుకని రేడియోలు, నడువని గడియారములు, పగిలిన సెల్ఫోనులు, వానిప్రక్కనే ఇత్తడిచెంబులు, కంచుగిన్నెలు, తాళపుచేతుల గుత్తులు. క్రొత్తవారు ఇదియంతయు చెత్తయే యనుకొందురు. చూడనేర్చిన కన్నులకు ఇందు ఎన్ని సంసారములో కనబడును.

మేము ఈ సంతకు పోవుటకు వేడుకయే కారణము కాదు. మా అమ్మమ్మగారికొక ఇత్తడి మరచెంబుండెడిది. కాశీయాత్రకు పోయినప్పుడు రైలులో మంచినీరు త్రాగుటకు ఆమె దానినే కొనిపోయెను. మెడచుట్టును ఆమె పేరు చుక్కలు చుక్కలుగా చెక్కబడియుండెను. చెక్కినవాడు తొందరపడి ఒక దీర్ఘము విడిచిపెట్టెను. ‘నా పేరు కురుచ చేసినాడు’ అని ఆమె నవ్వుచుండెను. ఆ చెంబును మా అమ్మకు సారెలో ఇచ్చిరి. 1974లో స్టీలుగిన్నెల గంప నెత్తిన పెట్టుకొని ఒక వర్తకురాలు మా వీధికి రాగా, మా అమ్మ ఆ చెంబును, మరి రెండు ఇత్తడిపాత్రలను ఇచ్చి నాలుగు స్టీలుగిన్నెలు తీసికొనెను. ఆ దినములలో ప్రతియింటను జరిగిన పనియే యిది. ఇత్తడిని చింతపండుతో తోమితోమి చేతులు అరిగిన స్త్రీలకు, కళాయి అక్కరలేని స్టీలు వరమువలె తోచెను. వారిని నిందించుట న్యాయము కాదు. అయినను ఎనుబదియారేండ్ల వయస్సున మా అమ్మ ఇప్పుడు తరచుగా అడుగుచున్నది: ‘అమ్మాయీ, ఆ మరచెంబు ఎక్కడనైనా కనబడునా?’ దీర్ఘము తప్పిన ఆ పేరును వెదకుటయే మా ప్రయాణమునకు మొదటి కారణము.

వెదకుచు వెదకుచు కొంత విద్య నేర్చితిమి. ఇత్తడి రాగియు యశదమును కలిసినది. కంచు రాగియు తగరమును కలిసినది. వ్రేలితో మీటినప్పుడు కంచు చాలసేపు మ్రోగును. ఇత్తడి అంతగా మ్రోగదు. చేతిపనివాడు చేసిన పాతపాత్ర లోపలితట్టు తడిమిచూచినచో సుత్తిదెబ్బల జాడలు వ్రేళ్లకు తగులును. అడుగంచు ఏండ్లతరబడి నేలను రాచుకొని మొద్దుబారియుండును. మందులతో నల్లబరచి పాతదని అమ్ముదానియందు నలుపు అంతటను సమముగా నుండును. నిజముగా పాతబడినదానియందు చేయి తగులుచోట మెరుపును, చేయి తగులనిచోట నలుపును నిలుచును.

బిదరీ సామానుల సంగతి వేరు. బీదరు పట్టణము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే కనుక ఆ పని ఇచ్చటి పాతయిండ్లలో తరచు కనబడును. దాని మేను యశదమునకు కొంచెము రాగి కలిపి పోతపోసినది. దానిలో వెండి పొదుగుదురు. బీదరుకోటలోని మన్నును నవసాగరముతో కలిపి పట్టించినచో మేను నల్లబడును, వెండి తెల్లగనే నిలుచును. ఇట్టిదానిని ఇత్తడివలె చింతపండుతో తోమరాదు. పులుపు తగిలిన ఆ నలుపు చెడును. మెత్తని పొడిగుడ్డ చాలును.

నాణెముల విషయమున మోసములు మెండు. సీతారాములు, హనుమంతుడు మున్నగు దేవతల బొమ్మలతో, ‘1818, ఈస్టిండియా కంపెనీ’ అని వ్రాసియున్న అణాబిళ్లలను చూపి వేలరూపాయలు అడుగువారు కలరు. కంపెనీవారు అట్టి అణాబిళ్లలను ఎన్నడును ముద్రింపలేదు. అవి తరువాతివారు చేసిన కల్పితపు బిళ్లలు. దానికి మారుగా చార్మినారు బొమ్మగల నిజాముగారి నాణెములు నిజమైనవి దొరకును. అవి దొరికినచో తోమకుడు. తోమిన నాణెమునకు విలువ తగ్గును.

ఒక ఆదివారమున సరస్వతీదేవి పటమొకటి మా కంటబడెను. రాజా రవివర్మగారు 1894లో బొంబాయిలో రంగుల ముద్రణాలయమును స్థాపించి తమ చిత్రములను ఇంటింటికిని చేర్చిరి. ఆ పటములకు మన ముత్తవ్వలు జరీదారములు, తళుకుబిళ్లలు కుట్టి, దేవతలకు నిజమైన చీరలు కట్టినట్లు అలంకరించెడివారు. మేము భూతద్దముతో చూడగా, మా పటమునందు చిన్నచిన్న చుక్కలు గళ్లు పేర్చినట్లు వరుసగా నుండెను. అది ఇటీవలి ఆఫ్‌సెట్ ముద్రణ. పాతకాలపు రాతిముద్రణలో రంగురవ్వలు క్రమములేక చెదరియుండును. పటము నకలైనను అంచున కుట్టిన జరీ మాత్రము పాతచీరదే. వదినగారు, ‘వదినా, చిత్రము క్రొత్తదైనను చేతిపని పాతదే’ అని నూటయేబది రూపాయలిచ్చి దానిని కొనిరి.

మూడవ ఆదివారమున జరిగినది చెప్పుటకు కొంచెము సంకోచముగ నున్నది. ఒకడు మమ్ము ప్రక్కకు పిలిచి, సంచిలోనుండి జానెడు పొడవుగల పంచలోహపు అమ్మవారి విగ్రహమును తీసి చూపెను. దాని నుదుట కుంకుమ యింకను తడిగా నున్నట్లు మాకు తోచెను. ధర మిక్కిలి తక్కువ. మనస్సు ఒక్కనిమిషము చలించిన మాట దాచము. అమ్మవారిని మన యింటికి తెచ్చి పూజించిన తప్పేమియని కూడ అనిపించెను. కాని ఏ గుడినుండియో, ఏ ముత్తైదువ పూజాగృహమునుండియో ఎత్తికొనివచ్చిన దానికి మనము చేయు పూజ ఎట్టిది? వలదని తిరిగి వచ్చితిమి. 1972 సంవత్సరపు పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన విగ్రహములు, చిత్రములు మొదలైనవి, డెబ్బదియైదేండ్లు దాటిన విలువగల వ్రాతప్రతులు పురావస్తువులు. వానితో వ్యాపారము చేయుటకు లైసెన్సు వలయును; విగ్రహములవంటివానిని రిజిస్టరు చేయింపవలయును; వ్యక్తులు వానిని దేశము దాటింపరాదు. చట్టము మాట యట్లుండ, కొనువారు లేనిచో దొంగిలించువారు ఉండరు. మనము కొనినచో గుడితలుపు విరుగగొట్టినవానికి కూలి యిచ్చినట్లే.

అయిదవ ఆదివారమున వదినగారు ఒక ఇత్తడిబిందెను చూచి నిలిచిపోయిరి. మెడమీద చుక్కలతో ఒక స్త్రీపేరు, ఊరిపేరు, 1938 అను సంవత్సరము చెక్కబడియుండెను. ఆ పేరును ఇచట వ్రాయము. ఊరు గుంటూరుజిల్లాలోనిది, వదినగారి పుట్టింటికి రెండుక్రోసుల దూరము. అమ్మువాడు త్రాసులో పెట్టి, ‘మూడుకిలోల రెండువందలు. ఇత్తడి ధరే ఇయ్యుండ్రి అమ్మా. పేరుకు పైస తీసుకోను’ అనెను. రెండువేలకు బేరము కుదిరెను. అంతకంటె తగ్గింపుమని మేము పట్టుపట్టలేదు. తెల్లవారకముందే బరువులు మోసికొనివచ్చి ఎండలో కూర్చుండువానివద్ద ఏబదిరూపాయలు తగ్గించి మురియుట మనకు గొప్పకాదు. ప్రక్కనున్న మెరుగుపెట్టువాడు మాత్రము, ‘మెషినుకు పెడితే పేరు పోతది, కొత్తదయితది’ అని సలహా చెప్పెను. ఆ పేరు పోయినచో ఆ బిందె మాకెందులకని వచ్చితిమి.

వదినగారు పుట్టింటివారికి ఫోను చేసి విచారింపగా, పదిదినములకు ఆ పేరుగల యామె మనుమరాలి జాడ తెలిసినది. ఆమె ఇప్పుడు వేరొక పట్టణమున చిన్న అద్దెయింటిలో నున్నది. బిందెను ఇచ్చివేయుదుమని మేము చెప్పగా, ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత ఇట్లనినది: ‘అది మా అమ్మమ్మ బిందెయే నండీ. దొంగలు తీసికొనిపోలేదు, మా అమ్మ జబ్బులో నున్నప్పుడు మేమే అమ్మితిమి. ఇప్పుడు తెచ్చుకొన్నను పెట్టుకొనుటకు చోటులేదు. మీయొద్దనే యుంచుడు. పేరుమాత్రము చెరపింపకుడు. వీలైన దాని ఫోటో ఒకటి పంపుడు.’

ఫోటో పంపితిమి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ‘మంచి వస్తువు చౌకగా దొరికెను’ అని సంతలో మురిసిన మాటకు వెనుక ఒక యింటి ఆస్పత్రి ఖర్చుండెనని మేమూహింపలేదు. సంతలోని ప్రతి పాత్రకును ఇట్టి కథ యుండునని కాదు. ఉండవచ్చునని మరువకుండుట మంచిది.

ఇదే నగరమున నున్న సాలార్‌జంగు మ్యూజియమును మీలో ననేకులు చూచియుందురు. మూడవ సాలార్‌జంగు అయిన మీర్ యూసుఫ్ అలీఖాన్‌గారు 1949లో మరణింపగా, వారి సేకరణము 1951లో ప్రజలకు తెరువబడినది. అందలి ముసుగువేసికొన్న రెబెక్కా పాలరాతిబొమ్మను వారి తాతగారు 1876లో ఇటలీదేశమున కొనిరి. ప్రభువుల వస్తువులకు మేడలు కట్టబడినవి; సంతోషమే. సామాన్యస్త్రీలు రోజును తాకిన పాత్రలను దాచువారెవరు? పూనానగరమున దినకర కేల్కరుగారు బాలుడుగ మరణించిన తమ కుమారుడు రాజా పేర ఒక మ్యూజియమును నిలిపి, అందు దీపపుసెమ్మెలు, అడకత్తెరలు, వంటపాత్రలు చేర్చిరి. ఒక తండ్రి దుఃఖము ఎందరో తల్లుల వస్తువులను కాపాడినది. అంతటి పని మనకు సాధ్యముకాకపోవచ్చును. మన యింటి మట్టుకు మనమే కేల్కరులము కావచ్చును.

కావున సంతకు పోకమున్ను మన అటకలను దింపి చూచుకొందము. ఉన్నవానిని ఒక పుస్తకములో వ్రాయుదము: ఈ గిన్నె ఎవరిది, ఎవరి పెండ్లికి వచ్చినది, ఏ ఊరినుండి వచ్చినది. పెద్దలు ఉండగనే అడుగుదము. వారు పోయిన తరువాత పాత్ర మాటాడదు. పాతపాత్రలలో క్రొత్తగా కళాయి పోయింపక పులుపు వండరాదు. పాతకళాయిలోను అతుకులలోను సీసము కలసియుండవచ్చును గనుక, ఎట్టిదో తెలియనిదానిని వంటకు వాడక పువ్వులకో అలంకారమునకో ఉపయోగించుట క్షేమము. అమ్మక తప్పని అవసరము వచ్చినచో సిగ్గుపడవలదు; అమ్మకముందు దానిమీది పేరును ఫోటో తీసి దాచుకొనుడు.

ఆరవ ఆదివారమును గడచినది. మా అమ్మమ్మ మరచెంబు కనబడలేదు. ఇంటికి తెచ్చిన బిందెను మాత్రము మా అమ్మ తన మంచముప్రక్కన పెట్టించుకొన్నది. చూపు మందగించినందున ఆ చుక్కలమీద వ్రేలు నడిపించి, అక్షరము తరువాత అక్షరముగా ఆ పరాయి స్త్రీ పేరును చదివినది. చదివి, ‘ఈమెకు దీర్ఘము సరిగానే పెట్టినాడు’ అన్నది.

మా మరచెంబు ఎవరియింటనున్నను వారు దానిని మెరుగుపెట్టింపక యుందురుగాక యని కోరుచున్నాము. మీ యింట మెడపై దీర్ఘము తప్పిన పేరుగల చెంబున్నచో, సోదరీమణులారా, అది ఇమ్మని అడుగము. ఆ పేరును మీ పిల్లలచేత ఒక్కమారు చదివింపుడు.