మందులచీటీ – రోగి భాష: స్థానిక క్లినిక్‌లలో భద్రతా ప్రమాణాల పరిశీలన

వ్యాససంగ్రహం:
చిన్న క్లినిక్‌లో వైద్యం ఎంత నాణ్యంగా, ఎంత సురక్షితంగా ఉండాలో చట్టాలు, నియమాలు నిర్దేశిస్తున్నాయి. అయితే అక్కడ మొదలైన చికిత్సలో అధికభాగం రోగి ఇంటికి వెళ్ళాకే జరుగుతుంది. వైద్యుని సూచన రోగికి తన భాషలో అర్థమైనప్పుడే తక్కిన ప్రమాణాలు ఫలిస్తాయని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కుటుంబవైద్యం, రోగి భద్రత, మందులచీటీ, పూట, పరగడుపు.

1. ఉపోద్ఘాతం:
జ్వరం, దగ్గు, రక్తపోటు, మధుమేహం వంటి వాటికి ప్రజలు మొదట వెళ్ళేది తమ వీధిలోనో, మండల కేంద్రంలోనో ఉన్న క్లినిక్‌కే. పెద్దాసుపత్రిలో చేరిన రోగికి వేళ చూసి మందు వేసేది నర్సు. క్లినిక్‌కు వచ్చి వెళ్ళే రోగి విషయంలో ఆ బాధ్యత రోగిదే, లేదా ఇంట్లోవారిదే. వైద్యశాస్త్రం చదవని వ్యక్తి చేతిలో చికిత్స పూర్తికావలసి ఉన్నందున, భాషను కూడా భద్రతా ప్రమాణాల్లో ఒకటిగా పరిగణించవలసి ఉంటుంది.

2. అమలులో ఉన్న ప్రమాణాలు:
ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు అల్లోపతి వైద్యసంస్థల నమోదు, నియంత్రణ 2002 నాటి రాష్ట్రచట్టం కిందికి వస్తాయి. తెలంగాణలో 2010 నాటి కేంద్రచట్టం అమలులో ఉంది. ఒకే వైద్యుడు నడిపే క్లినిక్ కూడా దాని పరిధిలోనిదే. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన సూదులను సూదిమొన దిగని తెల్లని డబ్బాలోను, రక్తం అంటిన దూదిని పసుపు సంచిలోను, సూది తీసిన సిరంజిని, సెలైన్ గొట్టాలను ఎర్ర సంచిలోను, పగిలిన గాజు సీసాలను నీలిరంగు పెట్టెలోను వేయాలి. రోగిని తాకడానికి ముందు, తాకిన తరువాత చేతులు శుభ్రపరచుకోవాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచిస్తుంది.

భారత వైద్యమండలి 2002 నియమావళి వైద్యుని రిజిస్ట్రేషన్ సంఖ్యను క్లినిక్‌లో ప్రదర్శించాలని, చీటీ మీద కూడా రాయాలని చెప్పింది. మందుల జనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు పెద్దక్షరాలలో రాయాలని 2016 సవరణ కోరింది. ఇది అవసరమైన సవరణే. మెట్‌ఫార్మిన్ మధుమేహానికి, మెట్రోనిడజోల్ ఇన్ఫెక్షన్‌కు వాడే మందులు. దస్తూరి సరిగా లేకపోతే ఒకదానికి బదులు మరొకటి చేతికి రావచ్చు. అయితే అక్షరాలు కనిపించడం వేరు, అర్థం తెలియడం వేరు.

3. చీటీలోని సంకేతాలు:
ఓ.డి. అంటే రోజుకొకసారి, బి.డి. అంటే రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే నిద్రవేళ, ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే. ఇవన్నీ లాటిన్ పదబంధాలకు సంక్షిప్తరూపాలు. వైద్యునికి, మందుల దుకాణదారునికి మధ్య ఇవి పనిచేస్తాయి. మందు మింగవలసిన వ్యక్తికి మాత్రం అపరిచితాలు. కంటివైద్యంలో ఓ.డి.కి కుడికన్ను అనే అర్థం కూడా ఉంది. కీళ్ళవాతానికి వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే ఎముకమజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. ‘వారానికి ఒకసారి, సోమవారం మాత్రమే’ అని తెలుగులో రాసిన ఒక్క వాక్యం ఆ ప్రమాదాన్ని చాలావరకు నివారించగలదు.

4. చెంచా, పూట, పరగడుపు:
తెలుగులో చెప్పినంత మాత్రాన సూచన స్పష్టమైపోదు. వాడుకమాటల అర్థపరిధిని కూడా గమనించాలి.

పిల్లల పారాసెటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 125 మి.గ్రా. ఉండే రకం, 250 మి.గ్రా. ఉండే రకం రెండూ దొరుకుతాయి. చుక్కల మందులో సాధారణంగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మి.గ్రా. ఉంటుంది. పది కిలోల బిడ్డకు ఒక మోతాదు సుమారు 150 మి.గ్రా. ‘ఒక చెంచా పట్టండి’ అన్న మాట విని చుక్కల మందును 5 మిల్లీలీటర్లు పడితే బిడ్డకు 500 మి.గ్రా. అందుతుంది. పైగా వంటింటి చెంచాకు నిర్ణీత కొలత లేదు.

‘పూట’ అనే మాట కాలంతో పాటు భోజనాన్ని కూడా స్ఫురింపజేస్తుంది. ‘పూటకొకటి’ అంటే కొందరికి తిన్న ప్రతిసారీ అని, మరికొందరికి ఉదయం, సాయంత్రం అని అర్థమవుతుంది. గ్లిమిపిరైడ్ వంటి మధుమేహం మాత్ర వేసుకుని, ఉపవాసం పేరుతో ఆ పూట తినకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాగే కాఫీ తాగినా, టిఫిను తినకపోతే పరగడుపే అనుకునేవారున్నారు. థైరాయిడ్ మాత్రతో పాటు కాఫీ తాగితే మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది.

5. ముగింపు:
• మందు ఎప్పుడు, ఎంత, ఎన్నిరోజులు అన్న మూడు విషయాలను చీటీపై తెలుగులో, సంకేతాలు లేకుండా రాయడం అవసరం.
• ద్రవౌషధాలను చెంచాలతో కాక మిల్లీలీటర్లలో చెప్పి, సీసాతో వచ్చే కొలత మూతపైనో సిరంజిపైనో గుర్తు పెట్టి చూపాలి.
• చదువురాని రోగులకు సూర్యుడు, చంద్రుడు వంటి బొమ్మలు తోడ్పడతాయి.
• ‘అర్థమైందా?’ అంటే చాలామంది మొహమాటానికి తల ఊపుతారు. ‘ఇంటికెళ్ళి ఈ మందు ఎలా వేసుకుంటారో చెప్పండి’ అని అడిగితే వివరణలోని లోపం అక్కడికక్కడే బయటపడుతుంది.

ఇందుకు కొత్త పరికరాలు అక్కరలేదు. కొన్ని నిమిషాలు కావాలి. రోగుల వరుస పొడవుగా ఉన్న క్లినిక్‌లో అవే కష్టమైనవి. నమూనా సూచనలను ముందే ముద్రించి ఉంచితే ఆ భారం తగ్గుతుంది. ఆ నమూనాలకు తగిన మాటలను ప్రాంతీయ వాడుక నుండి సేకరించి, వాటి అర్థభేదాలను పరీక్షించే పని తెలుగుశాఖలు చేపట్టదగినది.