మిల్లీవోల్టుల్లో లోతు

“ఆక్సిజన్ ఎక్కువున్న సిలిండర్ కాబట్టి ఇంకాస్త లోతుకు దిగొచ్చు కదా?” నైట్రాక్స్ పాఠం మొదలుపెట్టిన శిక్షకుడికి దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబు విన్నాక క్లాసంతా మొహమొహాలు చూసుకుంటుంది. అదనంగా డబ్బు పెట్టి నింపించుకున్న ఆ సిలిండర్‌తో, మామూలు గాలితో వెళ్లగలిగినంత లోతుకు కూడా వెళ్లకూడదు మరి. లోతు కొంత వదులుకుని సమయం సంపాదించే బేరం అది.

గాలిలో సుమారు 21 శాతం ఆక్సిజన్, మిగతాది దాదాపు అంతా నైట్రోజనే. నీళ్లలో ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర డైవర్ మీద ఉండేది నాలుగు వాతావరణాల ఒత్తిడి. నోట్లోని రెగ్యులేటర్ కూడా అదే ఒత్తిడితో గాలి అందిస్తుంది. ఆ ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలోకి, కొవ్వులోకి, కండరాల్లోకి కరుగుతుంది. తొందరపడి పైకొస్తే కరిగింది బుడగలు కడుతుంది. డైవర్లు ‘బెండ్స్’ అని భయపడేది దానికే.

కరిగే నైట్రోజన్‌ను ముందే తగ్గిస్తే? 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్ మిశ్రమంలో నైట్రోజన్ 68 శాతమే. దాంతో 30 మీటర్ల దగ్గరున్న డైవర్ ఒంట్లోకి, మామూలు గాలితో 24.4 మీటర్ల దగ్గర ఎంత నైట్రోజన్ చేరుతుందో అంతే చేరుతుంది. డైవింగ్ శిక్షణ సంస్థ ‘పాడి’ పట్టికలో 30 మీటర్ల వరుసకు మొదటి డైవ్‌లో ఉండగలిగే సమయం 20 నిమిషాలని రాసి ఉంటుంది, 25 మీటర్ల వరుసకు 29. ఒక పగడపు దిబ్బ దగ్గర తొమ్మిది నిమిషాలు ఎక్కువ ఉండనిస్తే ఏ డైవరైనా కాదంటాడా?

ఇక రెండో పక్క. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లో అచ్చువేసిన ఒకే పుస్తకంలో ఈ రెండు గ్యాసుల గుట్టూ ఉంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే నైట్రోజన్ బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుందని ఆయన తేల్చాడు. ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ పీలిస్తే ఫిట్స్ వస్తాయని జంతువుల మీద పరీక్షించి చూపించాడు. నైట్రోజన్‌ను తగ్గించడానికి ఆక్సిజన్ పెంచాలి, పెంచితే అది కాటేస్తుంది. నైట్రాక్స్ డైవర్ అడకత్తెరలో పోకచెక్కే.

ఆ కాటు ఎప్పుడు పడుతుందో ముందుగా చెప్పలేమని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ నిరూపించాడు. ఆయన పరీక్షల్లో ఒక డైవర్ 90 రోజుల్లో 20 సార్లు 70 అడుగుల లోతులో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చాడు. ఒకరోజు ఏడో నిమిషంలోనే విష లక్షణాలు కనిపించాయి. మరోరోజు 148 నిమిషాల దాకా ఏమీ కాలేదు. మనిషీ అతనే, లోతూ అదే. నీళ్లడుగున పొంచి ఉండే ఈ శత్రువుకు ఆ నౌకాదళ డైవర్లు ‘ఆక్సిజన్ పీట్’ అని పేరు పెట్టుకున్నారు. ఫిట్స్ గట్టు మీద వస్తే మనిషి తేరుకుంటాడు. నీళ్లలో వస్తే నోట్లోంచి రెగ్యులేటర్ జారిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతాయి.

అందుకే వినోద డైవింగ్‌లో ఆక్సిజన్ పాక్షిక పీడనం, అంటే మొత్తం పీడనంలో ఆక్సిజన్ వంతు, 1.4 వాతావరణాలు దాటనివ్వరు. 1.6 అనేది అనుకోని పరిస్థితి కోసం ఉంచిన అంచు. లెక్క సులువే: 1.4ను ఆక్సిజన్ వాటాతో భాగిస్తే మొత్తం పీడనం వస్తుంది, అందులోంచి ఒకటి తీసేసి పదితో హెచ్చవేస్తే లోతు వస్తుంది. 32 శాతానికి 33 మీటర్లు, 36 శాతానికి 28 మీటర్లు. అదే 36 శాతం సిలిండర్‌ను మామూలు గాలి అనుకుని 40 మీటర్లకు తీసుకెళ్తే ఆక్సిజన్ పీడనం 1.8కి చేరుతుంది. ఆక్సిజన్ పీట్ ఉండేది అక్కడే.

అంటే ప్రాణం ఆ శాతం మీద ఆధారపడి ఉంది. చూస్తే గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ మీది గేజ్ ఎంత ఉందో చెబుతుంది తప్ప ఏముందో చెప్పదు. చాలాచోట్ల ఖాళీ సిలిండర్‌లోకి ముందు కొంత స్వచ్ఛమైన ఆక్సిజన్ పంపి, దాని మీద గాలి నింపుతారు. 200 బార్ల సిలిండర్‌లో 32 శాతం రావాలంటే ముందు సుమారు 28 బార్ల ఆక్సిజన్ పడాలి. చెయ్యి జారి 33 పడితే శాతం 34 అవుతుంది, లోతు హద్దు 31 మీటర్లకు దిగుతుంది. నింపేటప్పుడు సిలిండర్ వేడెక్కుతుంది కాబట్టి గేజ్ అంకెనూ నమ్మలేం. మిశ్రమం తయారయ్యాక కొలవాల్సిందే.

ఆక్సిజన్‌ను కొలవడంలో ఒకప్పుడు రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ కూడా తల దూర్చాడు. 1940లో అమెరికా నౌకాదళానికి జలాంతర్గాముల్లో గాలి పరీక్షించే మీటర్ కావలసి వచ్చింది. ఆక్సిజన్ అయస్కాంతం వైపు లాగబడుతుంది, నైట్రోజన్‌కు ఆ గుణం లేదు. ఆ తేడాను పట్టుకుని పాలింగ్, సన్నని క్వార్ట్జ్ పోగుకు చిన్న గాజు డంబెల్‌ను వేలాడదీశాడు. ఆక్సిజన్ మారితే డంబెల్ కాస్త తిరుగుతుంది. డైవర్ చేతిసంచిలో ఉండే మీటర్ మాత్రం వేరే దారిలో వచ్చింది. దాని పనితనం అంతకన్నా ముచ్చటగా ఉంటుంది.

దాని గుండె సీసంతో చేసిన ఒక చిన్న బ్యాటరీ. ముందువైపు పలచని టెఫ్లాన్ పొర, లోపల పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రవం, ఒక పక్క బంగారం లాంటి చెక్కుచెదరని లోహంతో కాథోడ్, ఇంకో పక్క సీసం ఆనోడ్. పొర దాటి వచ్చిన ఒక్కో ఆక్సిజన్ అణువూ కాథోడ్ దగ్గర నాలుగు ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటుంది. వాటిని ఇచ్చేది సీసం. ఇస్తూ ఇస్తూ అది సీసపు ఆక్సైడ్‌గా మారిపోతుంది. ఎన్ని అణువులు పొర దాటితే అంత కరెంటు. ఎన్ని దాటతాయన్నది ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని బట్టి ఉంటుంది. డైవర్ ఒంట్లో ఏది విషమవుతుందో సరిగ్గా దాన్నే ఈ సెల్ కొలుస్తుంది! పైగా తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. మల్టీమీటర్ తగిలిస్తే గాలిలో సుమారు 10 మిల్లీవోల్టులు చూపించే సెల్, 32 శాతం గ్యాస్‌లో 15.3 చూపిస్తుంది. మీటర్ చేసేది ఆ త్రైరాశికమే.

త్రైరాశికానికి మొదటి అంకె తప్పితే అంతా తప్పే. పొడి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 30 డిగ్రీల వేడిలో తేమతో నిండిన సముద్రపు గాలిలో నీటి ఆవిరే నాలుగు శాతం చోటు తీసుకుంటుంది, ఆక్సిజన్ 20 దగ్గరికి పడిపోతుంది. దాన్నే 20.9 అని మీటర్‌కు చెబితే 32 శాతం గ్యాస్ 33.4గా కనిపిస్తుంది. డైవర్ అదే అంకె చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో పెడతాడు, నైట్రోజన్ నిజంగా ఉన్నదానికన్నా తక్కువని కంప్యూటర్ నమ్ముతుంది. అందుకే తెలిసినవాళ్లు మామూలు గాలి నింపిన సిలిండర్‌తో మీటర్‌ను సరిచేస్తారు, అందులో గాలి పొడిగా ఉంటుంది. గ్యాస్‌ను జోరుగా వదిలినా పొర మీద ఒత్తిడి పెరిగి అంకె ఎగబాకుతుంది. నిమిషానికి ఒకటి రెండు లీటర్ల చొప్పున వదిలితే చాలు.

సీసం అరిగిపోయేకొద్దీ సెల్ ముసలిదవుతుంది. డ్రాయర్‌లో పడి ఉన్నా అవుతుంది. మామూలు గాలిలో సరిగ్గానే చూపిస్తూ, ఆక్సిజన్ ఎక్కువున్నచోట తక్కువ చూపించే దశ ఒకటి వస్తుంది. అదే ప్రమాదం, ఉన్న విషాన్ని అది దాచేస్తుంది. కాబట్టి కాలం చెల్లిన సెల్‌ను మార్చేయాలి.

ఎవరి సిలిండర్‌ను వాళ్లే కొలవాలన్న నియమం ఇందులోంచే పుట్టింది. శాతం, లోతు హద్దు, తేదీ పట్టీ మీద రాసి, సంతకం చేసి సిలిండర్‌కు అంటిస్తారు. తర్వాత అదే శాతాన్ని చేతి కంప్యూటర్‌లో పెడతారు. ఈ చివరి పని మరిచిపోతే నిన్నటి సిలిండర్ లెక్కతో ఇవాళ దిగినట్టే.

మిగతా చరిత్ర త్వరగా సాగిపోయింది. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ‘నోవా’లో మోర్గాన్ వెల్స్ 1970లలో 32 శాతం పట్టికలు తయారుచేశాడు. అక్కడే పనిచేసిన డిక్ రట్కౌస్కీ 1985లో మామూలు డైవర్లకు నైట్రాక్స్ నేర్పే సంస్థ పెట్టాడు. కొందరు దాన్ని ‘వూడూ గ్యాస్’ అని ఈసడించారు. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లో జరిగే డైవింగ్ పరిశ్రమ ప్రదర్శనకు నైట్రాక్స్ వాళ్లను రావద్దన్నారు, గొడవ ముదిరాక ఒప్పుకున్నారు. 1992లో ‘నౌయి’, 1996లో ‘పాడి’ దాన్ని తమ శిక్షణలో చేర్చుకున్నాయి. ఇప్పుడు అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ డైవ్ షాపుల్లోనూ దొరుకుతోంది. కాంతితో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్లు వచ్చినా, షాపు కౌంటర్ మీద ఎక్కువగా కనిపించేది ఇప్పటికీ ఆ సీసం సెల్లే.